దమ్ము నిలవ పెట్టుకునే కాలం

మన ఇళ్ళల్లో ప్రతి పనికీ ఒక కాలం ఉంటుంది. ఆవకాయ ఎండల్లో పెడతాం. వడియాలూ అప్పడాలూ ఎండ ముదిరితే గాని పెట్టం. కొత్త చింతపండు రాగానే గింజ తీసి, ఉప్పు చల్లి కుండకెత్తుతాం. తినేది ఎప్పుడో శ్రావణంలో, కార్తీకంలో, చేసిపెట్టుకునేది ముందే. ఈ సూత్రం వంటింటికే పరిమితం అనుకుంటాం గాని, సైకిలు పందేల వాళ్ళది కూడా అచ్చంగా ఇదే సూత్రం. పందెం రోజున ఖర్చు పెట్టే దమ్ముని, పందేలు లేని నెలల్లో కూర్చుకుని నిలవ పెట్టుకుంటారు. ఆ ఖాళీ నెలల్నే వాళ్ళు ఆఫ్ సీజన్ అంటారు.

ఆఫ్ సీజన్ అనగానే మనకు చీరల కొట్లో తగ్గింపు ధరలో, ఊటీలో ఖాళీగా ఉన్న హోటళ్ళో గుర్తొస్తాయి. యూరపు సైకిలు వీరులకు అది మంచు కురిసే చలికాలం. మా వరంగల్లులో అయితే లెక్క తిరగబడుతుంది. ఇక్కడ దసరా నుంచి శివరాత్రి దాకా సైకిలు తొక్కడమంత హాయి మరొకటి లేదు. హన్మకొండ, కాజీపేట, వరంగల్లు, మూడు ఊళ్ళూ చుట్టేసి రావచ్చు. హోలీ దాటిందా, ఇక ఎండ! మేనెలలో నలభై డిగ్రీలు దాటడం మాకు మామూలే. పొద్దున ఎనిమిదికే తారు రోడ్డు సెగలు కక్కుతుంది. రోహిణీ కార్తె పోయిందని సంతోషించేలోపు మృగశిర వానలు, ఆ తర్వాత ముసురు. అంటే ఏడాదిలో సగం సైకిలుకి సెలవే.

ఆ సెలవు రోజుల్లో సైకిలు వాళ్ళు ఏం చేస్తారు, ఊపిరిని నిలవ పెట్టుకోవచ్చని అసలు ఎవరు కనిపెట్టారు అని చదవడం మొదలుపెడితే, అది ఒక చరిత్రే అయింది. చెప్పొద్దూ, అందులో నేననుకున్న దానికన్నా ఆడవాళ్ళు ఎక్కువగా కనిపించారు. అయితే వాళ్ళు కనిపించే చోట్లు వేరు. మొదట్లో సైకిలు మీద కాదు, పక్కన బల్ల దగ్గర.

మొట్టమొదటి బల్ల పారిస్‌లో ఉంది. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు ఒక భాగమని తేల్చి, దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టిన లావాజియే గురించి మనమంతా స్కూల్లో చదువుకున్నాం. 1790 ప్రాంతంలో ఆయన ఒక ప్రయోగం చేశాడు. సెగ్విన్ అనే సహాయకుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మొహానికి ముసుగు తొడిగి, గొట్టం గుండా ఊపిరి పీల్పించాడు. ఒకసారి ఊరికే కూర్చున్నప్పుడు, ఇంకోసారి పాదంతో ఒక పెడల్‌ని తొక్కుతున్నప్పుడు ఎంత ప్రాణవాయువు ఖర్చవుతోందో కొలిచాడు. పని చేసినప్పుడు ఖర్చు బాగా పెరిగింది. సైకిలు ఇంకా పుట్టలేదు, పెడల్ మాత్రం అప్పుడే వచ్చేసింది చూడండి!

ఈ ప్రయోగం ఎలా జరిగిందో మనకు ఇవాళ తెలుసంటే అది ఆయన భార్య మారీ ఆన్ గీసిన బొమ్మల వల్ల. పదమూడో ఏట పెళ్ళయి అత్తారింటికి వచ్చిన పిల్ల ఆవిడ. భర్త పనికి అక్కరకొస్తుందని ఇంగ్లీషు నేర్చుకుంది, రసాయన శాస్త్రం నేర్చుకుంది, డేవిడ్ అనే గొప్ప చిత్రకారుడి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకుంది. ఆ బొమ్మలో ఓ పక్కన బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసుకుంటున్న ఆడమనిషి ఉంటుంది. అది ఆవిడే. తన బొమ్మ తనే వేసుకుంది. 1794 మే 8న విప్లవ ప్రభుత్వం ఒకే రోజున ఆవిడ భర్తనీ, తండ్రినీ గిలటిన్ ఎక్కించింది. అంత దుఃఖంలోంచీ తేరుకుని, భర్త రాసిన వ్యాసాల్ని అచ్చు వేయించింది. ఊపిరి లెక్కల పుస్తకంలో మొదటి పేజీ రాసిన చెయ్యి ఒక ఇల్లాలిది అనుకుంటే నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

ఎక్కడికీ పోని సైకిలు కూడా, సైకిలు కన్నా ముందు పుట్టిందే. 1796లో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఇంగ్లీషు ఆయన 'జిమ్నాస్టికాన్' అనే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. కాళ్ళతో తొక్కుతూ, చేతులతో తిప్పుతూ ఉన్నచోటే కసరత్తు చేయడం దాని పని. కీళ్ళ నొప్పుల వాళ్ళకీ, కదలకుండా కూర్చునే ఉద్యోగాల వాళ్ళకీ పనికొస్తుందని ఆశ. నేల మీద పరుగెత్తే రెండు చక్రాల బండిని జర్మనీలో డ్రైస్ నడిపి చూపింది 1817లో, అంటే ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలో కూడా ఇలాంటి కదలని సైకిళ్ళుండేవి. తొక్కినకొద్దీ ఎదుటి గడియారంలో ముల్లు తిరిగేది. మా పక్కింటి వదిన వాళ్ళింట్లో కూడా ఒకటుంది. ప్రస్తుతం దాని మీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి.

ఆ కదలని సైకిలుకి ఒక శాస్త్రీయమైన గౌరవం తెచ్చిన వాడు డెన్మార్క్ దేశపు ఆగస్ట్ క్రోగ్. 1913లో ఆయన విద్యుదయస్కాంతపు బ్రేకు ఉన్న సైకిలు ఒకటి తయారు చేశాడు. తొక్కే మనిషి ఎంత పని చేస్తున్నాడో దానితో కచ్చితంగా తెలుస్తుంది. పని ఎంతో, ఊపిరి ఎంతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఆ తర్వాత ఆయన కండరాల్లోకి తొంగి చూశాడు. వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు, కేశనాళికలు, కండరం విశ్రాంతిగా ఉన్నప్పుడు చాలావరకు మూసుకుని ఉంటాయనీ, పని మొదలవగానే తెరుచుకుంటాయనీ చూపించాడు. దానికి 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన భార్య మారీ స్వయంగా డాక్టరు. ఊపిరితిత్తుల్లోంచి ప్రాణవాయువు రక్తంలోకి ఎలా చేరుతుందో కొలిచిన పరిశోధకురాలు. ఆవిడకి చక్కెర జబ్బు. 1922లో దంపతులిద్దరూ అమెరికా వెళ్ళినప్పుడు, అప్పుడే కనిపెట్టిన ఇన్సులిన్ గురించి తెలుసుకోవాలని పట్టుబట్టింది ఆవిడే. డెన్మార్క్‌కి ఇన్సులిన్ అలా చేరింది.

మూసుకున్న నాళాలు తెరుచుకోవడం అనగానే మా వరంగల్లు వాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. ఇది చెరువుల దేశం. పాకాల, రామప్ప, లక్నవరం, అన్నీ కాకతీయుల నాటివి. చెరువెంత పెద్దదైనా తూము తెరవాలి, కాలువ పారాలి, పిల్లకాలువలు మడిమడికీ వెళ్ళాలి. అప్పుడే పంట. పైగా చెరువు పని ఎప్పుడు చేస్తారు? నీళ్ళున్నప్పుడు కాదు. ఎండాకాలంలో, చెరువు ఎండి నెర్రెలు విచ్చినప్పుడు పూడిక తీస్తారు, కట్టకి మట్టి పోస్తారు, కాలువలు బాగు చేస్తారు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు కూడా పూడికతీత ఎండల్లోనే. అప్పుడు చూసేవాళ్ళకి దుమ్మూ మట్టీ తప్ప ఏమీ కనపడదు. ఆషాఢంలో వాన పడ్డాక తెలుస్తుంది, ఎవరు పని చేశారో, ఎవరు పడుకున్నారో.

సైకిలు వాళ్ళ ఆఫ్ సీజన్ సరిగ్గా ఈ పూడికతీతే. నెమ్మదిగా, ఆయాసం లేకుండా, ఎక్కువసేపు తొక్కితే ఏమవుతుందో శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటే కనిపెట్టారు. గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోడుతుంది. 1967లో హల్లోజీ అనే అమెరికను డాక్టరు ఎలుకల్ని కొన్ని వారాల పాటు పరుగెత్తించి చూస్తే, వాటి కండరాల్లో ప్రాణవాయువుని వాడుకునే శక్తి దాదాపు రెట్టింపయింది. కండరం లోపల శక్తి పుట్టించే సూక్ష్మమైన పొయ్యిల సత్తా పెరిగిందన్నమాట. 1977లో ఎనిమిది వారాల పాటు మనుషుల చేత కదలని సైకిలు తొక్కించి, తొడ కండరాన్ని పరీక్షించారు. కేశనాళికలు సుమారు ఇరవై శాతం దట్టమయ్యాయి. అంటే ఉన్న తూములు తెరుచుకోవడంతో ఆగలేదు. కొత్త పిల్లకాలువలే పుట్టాయి!

ఇంత మేలైన పనిని ఆడవాళ్ళు చేస్తామంటే లోకం ఏమంది? ఇప్పుడు మనం తొక్కే రూపంలో సైకిలు 1885లో వచ్చింది. 1888లో డన్‌లప్ గాలి టైర్లు కనిపెట్టాడు. ఆ తర్వాత పదేళ్ళలో యూరపు, అమెరికా ఆడవాళ్ళు సైకిళ్ళు ఎక్కేశారు. ముగ్గురు పిల్లల తల్లి, బోస్టన్ ఇల్లాలు అన్నీ లండన్‌డెరీ 1894లో సైకిలు తీసుకుని ప్రపంచం చుట్టడానికి బయల్దేరి, కొంత సైకిలు మీద, కొంత ఓడల మీద తిరిగి 1895లో ఇల్లు చేరింది. వెంటనే కొందరు డాక్టర్లకు బెంగ పట్టుకుంది. సైకిలు తొక్కే ఆడదానికి 'సైకిలు మొహం' వస్తుందన్నారు. అంటే కళ్ళు పొడుచుకొచ్చి, దవడ బిగుసుకుని, మొహం వాడిపోతుందట. పిల్లలు పుట్టరన్నారు. గుండె చెడుతుందన్నారు. బావిలోంచి వంద చేదల నీళ్ళు తోడితే చెడని గుండె, రోట్లో బియ్యం దంచితే చెడని గుండె, రెండు చక్రాలు తిప్పితే చెడుతుందన్నమాట! మనవైపు డాక్టర్ల దాకా వెళ్ళే పని లేకపోయింది. "ఆడపిల్లకి సైకిలెందుకు" అన్న ఒక్కమాటే చాలింది. అన్నదమ్ములు కైంచి తొక్కుడు నేర్చుకుంటుంటే వెనక పట్టుకుని పరుగెత్తిన అక్కచెల్లెళ్ళు ఎంతమందో! అద్దె సైకిలు గంటకింత అని వాళ్ళు పుచ్చుకుంటే, ఆ గంటంతా పరుగు వీళ్ళది. దమ్ము కూడా వీళ్ళకే ఎక్కువ వచ్చి ఉండాలి.

సరే, మొగవాళ్ళ పందేల సంగతి చూద్దాం. ఫ్రాన్సు దేశమంతా చుట్టే టూర్ ద ఫ్రాన్స్ పందెం 1903లో మొదలైంది. అంతకు ఏడాది ముందే, 1902లో, చలికాలపు పందెం ఒకటి ఫ్రాన్సులో పుట్టింది. రోడ్డు వదిలేసి పొలాల్లో, బురదలో, కొంతదూరం సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తుతూ సాగే పందెం. సైక్లో క్రాస్ అంటారు. 1910లో టూర్ గెలిచిన ఆక్టావ్ లాపీజ్, చలికాలంలో ఆ బురదలో తొక్కినందువల్లే తనకా సత్తువ వచ్చిందని చెప్పుకున్నాడు. దాంతో మిగతావాళ్ళూ బురదలోకి దిగారు. బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. సముద్రమట్టానికి రెండు కిలోమీటర్ల పైన ఉన్న ఊరది, గాలి పలచన. దానికి అలవాటు పడటానికి ముందు ఇంట్లోనే కదలని సైకిలెక్కి, మొహానికి ముసుగు తగిలించుకుని, ప్రాణవాయువు తక్కువున్న గాలి పీలుస్తూ తొక్కాడు. సెగ్విన్ ముసుగు దాదాపు నూట ఎనభై ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపించింది!

నెమ్మదిగా చేస్తేనే దమ్ము పెరుగుతుందన్న మాటను లోకం చేత ఒప్పించిన వాడు మాత్రం సైకిలు మనిషి కాదు. న్యూజీలాండులో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్. తన దగ్గర పరుగు నేర్చుకునే కుర్రాళ్ళ చేత పందేలు లేని నెలల్లో వారానికి వంద మైళ్ళు, హాయిగా, తొందర లేకుండా పరుగెత్తించేవాడు. రెండు నిమిషాల్లో ముగిసే 800 మీటర్ల పందేనికి ఇంత దూరం దేనికని నవ్విన వాళ్ళున్నారు. 1960 రోము ఒలింపిక్స్‌లో ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 800 మీటర్లు, మరో శిష్యుడు హాల్‌బర్గ్ 5000 మీటర్లు గెలిచాక నవ్వులు ఆగిపోయాయి. ఆ నమ్మకం సైకిలు వాళ్ళకీ పాకింది. మన రైతుకి మాత్రం ఇందులో వింతేమీ లేదు. ఎండాకాలమంతా కొట్టంలో ఉన్న ఎద్దుల్ని ఏరువాక నాడు కట్టి నాలుగు చాళ్ళు దున్నించి విప్పేస్తాడు. మొదటి రోజే రెండెకరాలు దున్నించే మూర్ఖుడు ఏ ఊళ్ళోనూ ఉండడు.

దమ్ము ఎంతుందో కొలవాలంటే మనిషిని సొమ్మసిల్లేదాకా తొక్కించాల్సిన పని లేదని తేల్చిన ఇద్దరు స్వీడన్ వాళ్ళు. పెర్ ఓలోఫ్ ఆస్ట్రాండ్, ఇర్మా రిహ్మింగ్. 1954లో వాళ్ళొక పట్టిక అచ్చు వేశారు. కదలని సైకిలు ఆరు నిమిషాలు ఒక మోస్తరుగా తొక్కించి, నాడి చూసి, ఆ పట్టికలో చూస్తే ఆ మనిషి దమ్ము ఎంతో సుమారుగా తెలిసిపోతుంది. ఆడవాళ్ళకి వేరే కొలత కూడా అందులోనే ఉంది. ఎందుకంటే ఆస్ట్రాండ్ అంతకు రెండేళ్ళ ముందే చిన్నపిల్లల్నీ, ఆడవాళ్ళనీ కూడా సైకిలెక్కించి పరీక్షించి పుస్తకం రాశాడు. తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. నాడి చూసుకుని చేసుకున్నారేమో అని మావారు చమత్కారం.

పరీక్షలకు ఆడవాళ్ళు పనికొచ్చారు. మరి పందేలకో? ఒలింపిక్స్‌లో మగవాళ్ళ సైకిలు పందేలు 1896 నుంచీ ఉన్నాయి. ఆడవాళ్ళకి తలుపు తెరిచింది 1984లో, లాస్ ఏంజిలిస్‌లో. ఎనభై ఎనిమిదేళ్ళ ఆలస్యం. మన పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుని దేశమంతా ఉసూరుమన్న ఒలింపిక్స్ అవే. ఆ తొలి సైకిలు పందెం గెలిచింది అమెరికా అమ్మాయి కొనీ కార్పెంటర్. అసలు కథ ఇక్కడుంది. కొనీ మొదట సైకిలు మనిషి కాదు, మంచు మీద స్కేటింగు చేసే పిల్ల. పద్నాలుగో ఏట, 1972లోనే, చలికాలపు ఒలింపిక్స్‌లో పాల్గొంది. మంచు కరిగిన నెలల్లో కాళ్ళు బిగుసుకుపోకుండా, దమ్ము తగ్గకుండా ఉండాలని స్కేటింగు వాళ్ళు సైకిళ్ళు తొక్కుతారు. తొడలూ అవే, ఊపిరీ అదే. అంటే ఆఫ్ సీజన్‌లో ఎక్కిన సైకిలే ఆవిడకి బంగారు పతకం తెచ్చింది.

ఆవిడొక్కతే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. షీలా యంగ్ 1976లో స్కేటింగులో ఒలింపిక్ బంగారం గెలిచింది, అదే ఏడు సైకిలు వేగంలో ప్రపంచ విజేత కూడా అయింది. బెత్ హైడెన్ 1980లో స్కేటింగులో కంచు పతకం, అదే ఏడు రోడ్డు సైకిలులో ప్రపంచ విజేత. తూర్పు జర్మనీ అమ్మాయి క్రిస్టా రోథెన్‌బర్గర్ అయితే అందర్నీ మించింది. వేసవిలో దమ్ము కోసం సైకిలు తొక్కమని ఆవిడ కోచ్ పోరితే మొదలుపెట్టింది. 1988 ఫిబ్రవరిలో కాల్గరీలో స్కేటింగు బంగారం, వెండి, ఆ సెప్టెంబరులో సియోల్‌లో సైకిలు పందెంలో వెండి. ఒకే ఏడాది చలికాలపు, ఎండకాలపు ఒలింపిక్స్ రెంటిలోనూ పతకాలు గెలిచిన మనిషి ఆవిడ తప్ప మరొకరు లేరు. ముందు గుమ్మం తలుపు మూసి ఉన్నన్నాళ్ళూ ఈ అమ్మాయిలు పెరటి గుమ్మం లోంచి, ఎవరూ చూడని నెలల్లోంచి, లోపలికొచ్చారు. పెరటి గుమ్మం విలువ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఈ వరసలో నాకు మరీ దగ్గరగా అనిపించే మనిషి బెరిల్ బర్టన్. 1937లో పుట్టిన ఇంగ్లీషావిడ. చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరం వచ్చింది. బలమైన కసరత్తు చెయ్యవద్దన్నారు డాక్టర్లు. పెళ్ళయింది, కూతురు పుట్టింది. యార్క్‌షైర్‌లో రూబార్బ్ అనే ఒక రకం కాడకూర పండించే పొలంలో కూలిపని. గట్టి నేలలో పారతో తవ్వడం, దుంపలు పెళ్ళగించడం, బరువులు మొయ్యడం. ఆవిడ చలికాలపు వ్యాయామశాల ఆ పొలమే. పందేలతో ఒక్క పౌండూ రాకపోయినా ఏడుసార్లు ప్రపంచ విజేత అయింది. 1967లో పన్నెండు గంటల పందెంలో 277.25 మైళ్ళు, అంటే 446 కిలోమీటర్లు తొక్కింది. ఆ రోజు ముందు బయల్దేరిన మగవాళ్ళ విజేతని దాటిపోతూ, పాపం అనుకుని అతని చేతికి ఓ మిఠాయి బిళ్ళ ఇచ్చింది! అప్పటిదాకా ఏ మగవాడూ అంత దూరం తొక్కలేదు. మగవాళ్ళు ఆ లెక్కని దాటడానికి రెండేళ్ళు పట్టింది, ఆడవాళ్ళు దాటడానికి యాభై ఏళ్ళు, 2017 దాకా. 1972లో బెరిల్, ఆవిడ కూతురు డెనీస్ ఇద్దరూ ఒకే జట్టులో దేశం తరఫున తొక్కారు.

అయితే ఊపిరి నిలవకీ మన పచ్చడి నిలవకీ ఒక పెద్ద తేడా ఉంది. జాడీకి వాసెన కట్టి అటక మీద పెడితే ఆవకాయ ఏడాది ఆగుతుంది. ఊపిరి ఆగదు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగుర్ని మూడు వారాల పాటు మంచం దిగకుండా పడుకోబెట్టారు. లేచేసరికి వాళ్ళ దమ్ము నాలుగో వంతు పైగా పడిపోయింది. మూడు వారాలే! తర్వాత రెండు నెలల పాటు కసరత్తు చేయిస్తే అంతా తిరిగొచ్చింది, ఇంకాస్త పెరిగింది కూడా. ముప్పై ఏళ్ళ తర్వాత, 1996లో, అదే ఐదుగుర్ని మళ్ళీ పిలిచారు. అప్పుడు వాళ్ళకి యాభై. బొజ్జలొచ్చాయి, బరువులు పెరిగాయి. పరీక్షిస్తే తేలిందేమంటే, ముప్పై ఏళ్ళ ముసలితనం చేసిన నష్టం కన్నా, ఆనాడు మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ! మళ్ళీ ఆరు నెలల పాటు నడక, నెమ్మది పరుగు, కదలని సైకిలు, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ చేయించారు. వాళ్ళ దమ్ము ఇరవయ్యో ఏట మంచమెక్కక ముందు ఎంతుందో అంతకి వచ్చేసింది.

ఈ కథ చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఐదుగురూ మగవాళ్ళే. ఆ ప్రయోగంలో ఆడవాళ్ళని ఎవరూ మూడు వారాలు మంచం మీద పడుకోబెట్టలేదు. పడుకోబెడితే ఇల్లెట్లా గడుస్తుంది? కాని ఆ యాభై ఏళ్ళ మాట ఉంది చూశారూ, అది మనది. "ఈ వయసులో ఇంకేం దమ్ము" అని మనమే తలుపు మూసేసుకుంటాం. ప్రసవాలు, పిల్లల పరీక్షలు, అత్తగారి జబ్బు, మన జీవితాల్లో ఎవరూ పేరు పెట్టని ఆఫ్ సీజన్లు ఎన్నో. అవి అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టవచ్చనీ, పోయింది తిరిగి వస్తుందనీ ఆ ఐదుగురు బొజ్జల మగవాళ్ళు మనకి చెప్తున్నారు.

ఎలా అంటారా? సైకిలు వాళ్ళ పద్ధతే. మొదటి నియమం, ఆయాసపడకూడదు. తొక్కుతూ పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, కాని పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ కొలత. మాటకి మాటకి రొప్పు వస్తుంటే వేగం తగ్గించాలి, పాట హాయిగా వస్తుంటే కొంచెం పెంచాలి. చేతి గడియారాలు ఇప్పుడు గుండె దెబ్బలు లెక్కపెడుతున్నాయి గాని, మనకి నోరే మంచి గడియారం. రెండో నియమం, వారానికి మూడు నాలుగు రోజులు, మొదట అరగంట, నెల మీద కొంచెం కొంచెం పెంచుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి నూట యాభై నుంచి మూడు వందల నిమిషాలు. మూడో నియమం, బి.పి., గుండె జబ్బు, చక్కెర, మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టకూడదు.

మా ఊళ్ళో ఎండాకాలం తెల్లవారుజామున అయిదింటికి ఖిల్లా వరంగల్లు వెళితే, లోపలి రాతికోట చుట్టు మొత్తం నాలుగు కిలోమీటర్ల లోపే. నెమ్మదిగా రెండు చుట్లు తొక్కితే సూర్యుడు తీవ్రం కాకముందే పని అయిపోతుంది. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఆ గోడని ఎత్తు పెంచి పూర్తి చేసింది ఆయన కూతురు రుద్రమ. గుర్రమెక్కిన రాణి ఏలిన ఊళ్ళో ఆడది సైకిలెక్కితే వింత ఏముంది? ముసురు పట్టిన రోజుల్లో వదిన వాళ్ళింట్లో తువ్వాళ్ళు తీసేసి ఆ కదలని సైకిలే తొక్కవచ్చు. అదీ లేకపోతే నడక, మెట్లు. ఊపిరికి పని ముఖ్యం, పనిముట్టు కాదు.

ఈ మాటే వదినతో అంటే, "నాకేం పందెమున్నది వదినా, ఎవరి మీద గెలువాలె?" అంది. ఎందుకు లేదు? బాదరపదం అమాస్య నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. అక్కడ్నించి తొమ్మిది రోజులు, సద్దుల బతుకమ్మ దాకా, వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ గంటల కొద్దీ తిరుగుడే. పైగా పాట కూడా పాడాలి. ఏ స్వీడన్ పట్టికకీ అందని పరీక్ష అది. మొదటి రోజే సగంలో పక్కకి జరిగి గట్టు మీద కూర్చునే వాళ్ళం మనలో ఎంతమందిమో! ఈ ఏడు ఎండల్లోనూ వానల్లోనూ ఓపిగ్గా తొక్కినావిడ మాత్రం తొమ్మిదో రోజున కూడా పాట ఎత్తుకుంటుంది, చరణం చివర ఊపిరి తెగదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడ గొంతు బాగుందనుకుంటారు. అనుకోనీండి.